ఉన్న ఊళ్లోనే వేరే ఇల్లు: కూర్మన్నపాలెం నుంచి కొమ్మాదికి మారాలంటే ఎంత దాచుకోవాలి?

ఉక్కుపిల్ల అడుగుతున్నారు:

నాకు 24 ఏళ్లు. ఇల్లు కూర్మన్నపాలెంలో, ఆఫీసు రుషికొండ ఐటీ కొండ మీద. పేరుకి రెండూ విశాఖే, ఒకే ఊరు. మధ్యలో గాజువాక, షీలానగర్, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక అన్నీ దాటాలి, ముప్పై కిలోమీటర్ల పైనే. షిఫ్టు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 దాకా. వెళ్లేటప్పుడు రెండు బస్సులు మారతాను. వచ్చేటప్పుడు ఆఫీసు క్యాబ్ ఉంది కానీ ఎన్ఏడీ దగ్గర దింపేస్తుంది, వాళ్ల రూటు అక్కడికే. అక్కడి నుంచి నాన్న బండి మీద తీసుకెళ్తారు. ఇంటికి చేరేసరికి పదకొండున్నర. నాన్నది ‘ఎ’ షిఫ్టు (పొద్దుటిది), పొద్దున్న నాలుగున్నరకే లేవాలి. ఫ్లైఓవర్ కింద బండి స్టాండు వేసి, హెల్మెట్ తీయకుండానే కునుకు తీస్తుంటారు. నేను వెళ్లి భుజం తట్టి లేపుతాను. రెండేళ్లుగా ఇదే.

అందుకని ఆఫీసుకి దగ్గర్లో, కొమ్మాదిలోనో పీఎం పాలెంలోనో ఇల్లు తీసుకుందామని ఉంది. ఇంట్లో ఇంకా గట్టిగా చెప్పలేదు. అమ్మ దగ్గర మాటవరసకి అంటే, "ఉన్న ఊళ్లో వేరు కాపురమేంటే, నీకేమైనా పెళ్లయిందా?" అంది. అదే హైదరాబాద్ వెళ్తానంటే ఆవకాయ సీసా కట్టిచ్చి మరీ రైలెక్కిస్తుంది. దూరం పోతే ఉద్యోగం, దగ్గర్లో ఉంటే తగువు అన్నమాట.

డబ్బు సంగతి చెప్తాను, తిట్టకండి. చేతికొచ్చేది 26,500. అమ్మకి 10,000 ఇస్తాను, మొదటి జీతం నుంచీ. చిట్టీకి 3,000. మా పక్కవీధి ఆంటీ నడుపుతారు, 20 మంది, 20 నెలలు, మొత్తం 60,000. 13 వాయిదాలు కట్టాను, ఇంకా పాట పాడి డబ్బు తీసుకోలేదు. ఫోన్ ఈఎంఐ 1,800, ఇంకో రెండు నెలలు. క్యాంటీను, రీచార్జి, ఆటోలు కలిపి 4,500. లెక్క ప్రకారం 7,200 మిగలాలి, నాలుగు వేలు మిగిలితే గొప్ప. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అన్నప్పుడు నెలకి పదిహేను వందలు మిగిలాయని ఎంత సంబరపడ్డానో! ఆ పదిహేను వందలు ఏ గంగలో కలిశాయో ఇప్పటికీ తేలలేదు. బ్యాంకులో ఇప్పుడు 41,000 ఉంది.

ఇప్పటిదాకా మూడు చూశాను. కొమ్మాదిలో సింగిల్ బెడ్‌రూమ్ 9,500, అడ్వాన్సు రెండు నెలలు. పీఎం పాలెంలో డాబా మీద ఒక గది 6,500. హాస్టల్ అయితే భోజనంతో 7,000, గదికి ముగ్గురు. ఎంత చేతిలో ఉంటే ధైర్యంగా కదలొచ్చు? అమ్మకిచ్చే పది తగ్గించకుండా కుదురుతుందా? అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఒకటుంది. ముందు ఇంట్లో చెప్పి తర్వాత దాచుకోవాలా, డబ్బు కూడాక చెప్పాలా?

---

గేరు మార్చు జవాబు:

అద్దెకి పోసే డబ్బుతో సెకండ్ హ్యాండ్ స్కూటీ కొనుక్కోమ్మా. నలభై వేలకి మంచిదే దొరుకుతుంది. ఇంటి భోజనం, ఇంటి మంచం వదులుకుని ఎవరింట్లోనో గోడకి మేకు కొట్టడానికి కూడా పర్మిషన్ అడిగే బతుకు నీకెందుకు?

---

కొమ్మాది అక్క జవాబు:

పై అన్నయ్యగారు రాత్రి పదిన్నరకి హైవే మీద లారీల మధ్య రుషికొండ నుంచి కూర్మన్నపాలెం దాకా ఒకసారి బండి నడిపి చూపిస్తే ఆ సలహా మీద ఆలోచిద్దాం. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఏడాదికి ఒక్కసారి చేస్తేనే రెండ్రోజులు కాళ్లు పట్టేస్తాయి మనకి. ఈ పిల్ల రోజూ ఊరంతా చుట్టి వస్తోంది.

చెల్లీ, నేను ఆరేళ్ల క్రితం గోపాలపట్నం నుంచి ఇటు వచ్చాను. నేను చేసిన తప్పులు చెప్తాను, పనికొస్తే తీసుకో.

అద్దె, అడ్వాన్సు అందరూ లెక్కేస్తారు. నేనూ వేశాను. మొదటి రోజు రాత్రి స్నానానికి బకెట్ లేదని గుర్తొచ్చింది. మర్నాడు పూర్ణా మార్కెట్‌కి వెళ్లి కుక్కరు, రెండు గిన్నెలు, పెనం, గరిటెలు కొన్నాను. తర్వాత పరుపు, స్టవ్, కర్టెన్లు, చీపురు, తాళం. ఒక్కొక్కటీ చిన్నదే, మొత్తం పన్నెండు వేలు దాటింది. ఇంట్లో ఉన్నంత కాలం ఉప్పూ పప్పూ డబ్బాల్లో వాటంతటవే పుడతాయనుకుంటాం. ఉల్లిపాయలకి కూడా మనమే డబ్బులివ్వాలని నాకు 23వ ఏట తెలిసింది. కూరలకి రైతు బజారు దగ్గర పడే చోటు చూసుకో, చాలా తేడా ఉంటుంది. గ్యాస్‌కి భయపడకు. 5 కేజీల చిన్న సిలిండర్ ఉంటుంది, ఇండేన్ వాళ్లు ఛోటూ అంటారు. దానికి అడ్రస్ ప్రూఫ్ అడగరు, ఐడీ కార్డు చాలు.

ఇప్పుడు నీ లెక్క. 9,500 ఇల్లు ఒక్కదానివే తీసుకుంటే కరెంటు, తాగేనీళ్ల క్యాన్లు, గ్యాసు, సరుకులు, నీ బయటి ఖర్చు కలిపి పదిహేడు వేలు దాటుతుంది. అమ్మకి పది ఇస్తూ అది జరిగే పని కాదు. మొహమాటం లేకుండా చెప్తున్నాను. అదే ఇల్లు ఇంకో అమ్మాయితో కలిసి తీసుకుంటే నీ వాటా అద్దె 4,750. మొత్తం పన్నెండున్నర, పదమూడు వేలల్లో గడుస్తుంది. మీ షిఫ్టులోనే ఎవరైనా ఉన్నారేమో చూడు. వేరే షిఫ్టు పిల్లయితే నువ్వు పడుకునేటప్పుడు ఆమె మిక్సీ వేస్తుంది, అనుభవం మీద చెప్తున్నాను.

డాబా మీద గది వద్దు. మే నెల మధ్యాహ్నం నువ్వు ఆఫీసులో ఏసీలో ఉంటావు నిజమే. కానీ రాత్రి పన్నెండుకి కూడా ఆ శ్లాబు కక్కే వేడికి నిద్ర పట్టదు. బీచ్ వైపు గాలి బాగుంటుందని మరీ సముద్రం పక్కకి కూడా పోకు. ఉప్పుగాలికి నా స్టవ్ కాళ్లు ఏడాదిలో తుప్పు పట్టి ఊడాయి. ఇక హాస్టల్. డబ్బు కట్టే ముందు గేటు ఎన్నింటికి మూస్తారో అడుగు. నేను ఉన్న చోట తొమ్మిదిన్నరకే. ఆ రోజుల్లో నాకు పగటి షిఫ్టు కాబట్టి సరిపోయింది, నీకు కుదరదు.

చిట్టీ గురించి. ఆంటీ మంచావిడే కావచ్చు. మా అమ్మ కట్టిన చిట్టీ ఆంటీ కూడా మంచావిడే, ఒక తెల్లారేసరికి ఇంటికి తాళం. రిజిస్టరైన చిట్టీలకి 1982 చట్టం ఉంది, నడిపేవాళ్లు 7 శాతం మించి కమీషన్ తీసుకోకూడదు, కాగితం ఉంటుంది. వీధి చిట్టీకి ఉన్న కాగితమల్లా ఆంటీ నోట్‌బుక్కే. ఇంకా ఏడు నెలలే కాబట్టి పాటలో పెద్దగా పోదు, వచ్చే నెలే పాడేసి డబ్బు బ్యాంకులో వేసుకో. యాభై ఐదు దాకా వచ్చినా, ఇంకా కట్టాల్సిన 21,000 అందులోంచే పక్కన పెట్టు. అది నీ డబ్బు కాదనుకో. అప్పుడు నీ 41తో కలిపి డెబ్భై ఐదు నికరం. దాంట్లో అడ్వాన్సు, మొదటి నెల అద్దె, సామాన్లు పోయినా మూడు నెలల ఖర్చు మిగులుతుంది. ఆ మూడు నెలలది లేకుండా మాత్రం కదలకు. నాకు చేరిన రెండో నెలలోనే టైఫాయిడ్ వచ్చింది, జీతం సగం కోసేశారు. మళ్లీ నాన్ననే అడగాల్సొచ్చింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఇకముందు దాచుకోవడానికి బ్యాంకులో ఆరు నెలలకో ఏడాదికో ఆర్‌డీ (నెలనెలా ఇంతని కట్టే డిపాజిట్) పెట్టు. పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే కానీ అది అయిదేళ్లది, మూడేళ్లు నిండకుండా మధ్యలో మూయనివ్వరు. నీ అవసరానికి అందదు.

చివరి ప్రశ్నకి. ముందే చెప్పు. డబ్బంతా కూడబెట్టి చెప్తే అది చెప్పడం కాదు, సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడ్డమే. ఇంకో మాట. అమ్మకిచ్చే పది దేనికి పోతోందో ఎప్పుడైనా అడిగావా? తగ్గించమని కాదు, తెలుసుకోమని.

---

కింది వాటా ఓనరు జవాబు:

అమ్మా, మాది మధురవాడ. పైన రెండు వాటాలు అద్దెకిస్తాం. మీరంతా ఓనర్లని తిట్టుకుంటారని తెలుసు. బ్యాచిలర్లకి ఇవ్వం అని నేనూ బోర్డు పెట్టినవాణ్ణే. ఒకసారి నలుగురు కుర్రాళ్లు ఖాళీ చేసి వెళ్లాక సింకు పైపులోంచి కోడి ఎముకలు తీయించడానికి ప్లంబరుకి రెండు రోజులు పట్టింది. ఆడపిల్లల విషయంలో మా భయం వేరు. ఏదైనా జరిగితే మీ వాళ్లు వచ్చి మమ్మల్ని అడుగుతారు. అందుకే ఇల్లు చూడ్డానికి వచ్చేటప్పుడు నాన్నగారిని తీసుకురండి. అద్దె మీరే కట్టండి, మాట మీరే మాట్లాడండి. ఆయన ఒకసారి కనిపిస్తే చాలు, సగం ప్రశ్నలు మేం అడగం.

రాత్రి పదిన్నరకి వస్తానని మొదటే చెప్పండి, దాచొద్దు. గేటు తాళం ఒకటి మీకివ్వమని అడగండి. ఇవ్వనన్న ఇల్లు తీసుకోవద్దు. అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు, కంగారు పడకండి. అందరూ అంతే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్సులో కోస్తాం (నేనూ కోస్తాను, అబద్ధమెందుకు). అది అగ్రిమెంటులో ముందే రాయించుకోండి. కరెంటుకి విడిగా మీటరు ఉందో, ఓనరు చెప్పిన రేటు కట్టాలో అడగండి. రెండోదైతే మీకు నష్టం.

ఇంట్లో కొంత నోట్ల రూపంలో ఉంచుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి వారం పైనే కరెంటు లేదు. ఏటీఎంలు పని చెయ్యలేదు, మోటారు ఆడక నీళ్లు లేవు. మా పై వాటా పిల్లల దగ్గర ఫోన్లు, కార్డులే తప్ప చేతిలో వంద రూపాయలు లేవు. వాళ్లకి వారం రోజులు మా ఆవిడే వండిపెట్టింది. దానికి మాత్రం అడ్వాన్సులో కోయలేదు.

---

ఉక్కుపిల్ల మళ్లీ రాశారు:

అందరికీ థాంక్స్. పదిహేను రోజులైంది, జరిగింది చెప్తాను.

అక్క చెప్పినట్టు అమ్మని అడిగాను. ముందు "ఇంట్లో లెక్కలు నీకెందుకు" అంది. తర్వాత ఉల్లిపాయలు తరుగుతూ తనే చెప్పింది. సరుకులు, పాలు, తమ్ముడి కాలేజీ ఫీజు... ఆఖర్న చిన్నగా, "వాడి బండి వాయిదా ఒకటి, 2,600" అంది. మా వాడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆ బండి నాన్న బోనస్‌తో కొన్నారని నాతో అన్నారు. ఎనిమిది నెలలుగా నా జీతంలోంచి కడుతున్నారట. కాబట్టి స్కూటీ కొనుక్కోమన్న అన్నయ్యగారికి మనవి: నా డబ్బుతో ఇప్పటికే ఒక బండి కొన్నారు. నేను ఎక్కలేదంతే.

ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు వాడే వచ్చి, "నాకు తెలీదక్కా, నాన్న కడుతున్నారనుకున్నా" అన్నాడు. నిజమో కాదో. వచ్చే నెల నుంచి అమ్మకి 7,400 ఇస్తానని చెప్పేశాను. వాడు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుని కట్టుకుంటాడట, చూద్దాం. అమ్మ నాతో నాలుగు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అయిదో రోజు క్యాంటీనుకి వద్దని బాక్సు కట్టిచ్చింది, అందులో గుడ్డు కూడా ఉంది.

చిట్టీ పాడేశాను, 56,200 వచ్చింది. ఆంటీ మొహం మాడ్చుకున్నారు కానీ ఇచ్చారు. 21,000 వేరే అకౌంట్లో వేసేశాను, నాకు కనపడకుండా. ఏడాది ఆర్‌డీ కూడా తెరిచాను, నెలకి 3,000. మా టీమ్‌లో శ్రీకాకుళం అమ్మాయి ఒకామె హాస్టల్ గేటుతో విసిగిపోయి ఉంది, కలిసి ఉండడానికి ఒప్పుకుంది. తనది కూడా ఇదే షిఫ్టు, కాబట్టి మిక్సీ గొడవ లేదు.

నాన్నకి మాత్రం బండి మీద చెప్పాను. ఎన్ఏడీ నుంచి షీలానగర్ దాకా మాట రాలేదు, గాలికి వినపడలేదేమో అనుకున్నాను. గాజువాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, వెనక్కి తిరక్కుండానే, "ఆ ఇంటికి బోరు నీళ్లా, మున్సిపల్ కొళాయి ఉందా?" అన్నారు.

నాకు తెలీదన్నాను. ఈ ఆదివారం ఇద్దరం చూడ్డానికి వస్తున్నాం. కొమ్మాది అక్కా, జంక్షన్ దగ్గర దిగాక ఎడమ చేతి వైపు సందులేనా, ఇంకా ముందుకెళ్లాలా? నీళ్లకి ఇబ్బంది లేని వీధులేవో కూడా కొంచెం చెప్పండి, నాన్న మొదట అడిగేది అదే.