పని అప్పగించాక మధ్యలో వేలు పెట్టొచ్చా? (విద్యార్థి నాయకత్వం)

కొత్త_కార్యదర్శి: విద్యార్థి సంఘం ఒకరోజు సదస్సు పెడుతోంది. వచ్చేవాళ్లు 300 మంది, ఏర్పాట్లకు 12 మందిమి. పని పంచాక మధ్యలో తనిఖీ చెయ్యాలా, లేక వాళ్లకే వదిలేసి తప్పు జరిగితే అందులోంచి నేర్చుకోమనాలా? సీనియర్లు రెండు రకాలుగానూ చెబుతున్నారు.

గట్టుమీద: చూడాల్సిందే. కొన్ని తప్పులు జరిగాక దిద్దుకోవడానికి వీలుండదు. బ్యానరే తీసుకోండి. అక్షరాలను ఫాంటుగానే ఉంచి ఫైలు పంపితే, ప్రెస్సులో ఆ ఫాంటు లేనప్పుడు ఒత్తులు విడిపోతాయి, గుడులు పక్కకి జరుగుతాయి. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చి పీడీఎఫ్ పంపాలి, అచ్చుకు ముందు ప్రూఫ్ (నమూనా ప్రతి) తెప్పించుకోవాలి. దాన్ని తయారుచేసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు చదవాలి. అతిథి పేరు, తేదీ, వేదిక, ఈ మూడూ ఆహ్వానపత్రం పక్కన పెట్టి మరీ చూడాలి. అచ్చయ్యాక ‘నేర్చుకున్నాం’ అంటే అతిథి పేరు సరవుతుందా?

నమోదు దగ్గరా అంతే. మనిషికి 45 సెకన్లు, రెండు బల్లలు అనుకుంటే 300 మంది లోపలికెళ్లడానికి 112 నిమిషాల పైనే. పేర్ల జాబితా అక్షరక్రమంలో ముందే అచ్చువేసి టిక్కు పెట్టిస్తే మనిషికి 15 సెకన్లు, మొత్తం 38 నిమిషాలు. ఈ లెక్క వారం ముందే వేసుకోవాలి.

చివరి_బెంచీ: అక్షరక్రమం ఇంటిపేరుతోనా, అసలు పేరుతోనా? అది తేల్చకపోతే మీ 15 సెకన్లు వెతకడానికే చాలవు.

గట్టుమీద: నమోదు ఫారంలో ఎలా రాశారో అలాగే. ఫారంలోనే రెండు గడులు పెట్టాలి.

పగ్గం_వదులు: ఇవన్నీ నిజమే. కానీ అన్నీ కార్యదర్శే చూస్తే ఆ పన్నెండు మందీ దేనికి? చివర్లో పైవాళ్లు చూస్తారని తెలిశాక ప్రూఫ్ ఎవరూ మనసు పెట్టి చదవరు. ఫ్రెంచ్ ఇంజనీరు రింగెల్మాన్ మనుషులతో తాడు లాగించిన ప్రయోగాలు 1913లోనే అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి బలం, ఒంటరిగా లాగినప్పటితో పోలిస్తే సగానికి పడిపోయింది. అందుకే పనికి ఒక్కటే పేరు రాయాలి. రెండు పేర్లు రాశారంటే ఎవరికీ అప్పగించనట్టే.

అసలు లోపం అప్పగింతలో ఉంటుంది. ఏం కావాలి, ఏ రోజుకి, ఎంత ఖర్చుదాకా అడక్కుండా నిర్ణయించుకోవచ్చు, ఎక్కడ ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి... ఇవి కాగితం మీద రాసివ్వాలి. ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు. వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోవాలి. ఇంతా చేస్తే తనిఖీ అవసరం చాలావరకు ఉండదు.

తూకం: ఆ తగ్గుదల అంతా ఒళ్లు దాచుకోవడం కాదు. ఒకే క్షణంలో, ఒకే దిక్కుకి లాగలేకపోవడం కూడా ఉంది. 1979లో మనస్తత్వవేత్త లాటానే, ఆయన సహచరులు చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాల్లో ఆ రెంటినీ విడదీశారు.

పగ్గం_వదులు: ఏదైతేనేం, పేరు ఒకటే ఉండాలి.

తూకం: ఏదైతేనేం అంటే కుదరదు. పొందిక లోపం పేర్లు తగ్గిస్తే పోదు. వారానికోసారి అందరూ పది నిమిషాలు కలిసి, ఎవరి పని ఎవరి కోసం ఆగిందో చెప్పుకోవాలి.

గట్టుమీద: సరే, మైకుల పని ఒక్క పేరు మీదే పెట్టండి. ఆ ఉదయం ఆ మనిషికి జ్వరం వస్తే? రెండు వైర్‌లెస్ మైకులు ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే ఒకదాన్నొకటి చెడగొడతాయి. స్పీకర్లు వక్త వెనక్కి చేరితే మైకు కూత పెడుతుంది. ఇవన్నీ ఒక్క బుర్రలోనే ఉంటే సదస్సు గతేంటి?

పగ్గం_వదులు: తోడు వేరు, కాపలా వేరు. రెండో మనిషి పక్కన నిలబడి పని నేర్చుకోవాలి, నెత్తి మీద నిలబడి చూడకూడదు.

గట్టుమీద: ఇందాక ఒక్కటే పేరన్నారు, ఇప్పుడు రెండో మనిషి వచ్చారు. మాట మారుస్తున్నారు.

పగ్గం_వదులు: మారుస్తున్నది మీరు. మీలాంటి నాయకుల దగ్గర పనిచేసినవాళ్లు మరుసటి ఏడాది ఆ ఛాయలకే రారు. బల్లలు మోసింది మేము, వేదికెక్కింది వాళ్లు, ఏదైనా చెడితే అందరి ముందూ పేరు పెట్టి చదివింది మాత్రం మమ్మల్ని!

చివరి_బెంచీ: ఇదీ సంగతి.

గట్టుమీద: అంటే మీ కోపం తనిఖీ మీద కాదన్నమాట. పేరెవరికి పోయింది, నింద ఎవరికి వచ్చింది అని.

పగ్గం_వదులు: అవును, అదే! నింద ఎవరు మోస్తారో ముందు తేలకుండా ‘తప్పుల నుంచి నేర్చుకోండి’ అంటే జనం నేర్చుకోరు, దాస్తారు. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద, జట్ల పనితీరును పరిశోధించే ఎడ్మండ్‌సన్ 1996లో రాసిన పత్రం చూడండి. బాగా నడిచే జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడ పొరపాటును బయటికి చెప్పడానికి భయం లేదని ఆవిడ వివరణ. మీ తనిఖీలో బయటపడేవి మీకు కనిపించినవే. వాళ్లంతట వాళ్లు వచ్చి చెప్పేవి ఎన్ని?

గట్టుమీద: దీనికి ఒప్పుకుంటాను. బయట నింద నాయకుడే మొయ్యాలి, అందులో బేరం లేదు. కానీ ఆ 300 మంది టైము వెచ్చించి వస్తున్నారు. మన పిల్లల చెయ్యి తిరగడానికి వాళ్లు సరుకు కాదు. నేను మధ్యలో చూసేది వాళ్ల కోసం.

పగ్గం_వదులు: నేను మాట్లాడేది వచ్చే ఏడాది నడపబోయేవాళ్ల కోసం. మూడు నాలుగేళ్లలో అందరూ వెళ్లిపోయే సంఘంలో, పని తెలిసినవాళ్లు మిగలకపోతే ఆపైన సదస్సే ఉండదు.

నింపాది: సదస్సు అయ్యాక చేసే సమీక్షని ఇద్దరూ మరిచారు. రెండు రోజుల్లోపు కూర్చోవాలి, వారం దాటితే కారణాలు కథలైపోతాయి. 1970ల్లో అమెరికా సైన్యం మొదలుపెట్టిన పద్ధతిలో ప్రశ్నలు నాలుగే. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం చేద్దాం. నాయకుడు ముందు తన నిర్ణయాల గురించే చెప్పాలి, మిగతావాళ్లకి నోరు పెగిలేది ఆ తర్వాతే. ‘ఎవరు చేశారు’ అని కాక ‘ఏ మెట్టు దగ్గర దొరికి ఉండాలి’ అని రాసుకుని, ఆ కాగితం కొత్త జట్టుకిచ్చే ఫైల్లో పెట్టాలి. అది ఎవరూ తెరవని ఫైలైతే మాత్రం ఇదంతా వృథా.

కొత్త_కార్యదర్శి: అందరికీ థాంక్స్. వెనక్కి తీసుకోలేనివి విడిగా రాస్తున్నాను: అచ్చు, హాలు బుకింగ్, అతిథి టికెట్లు, డబ్బు చెల్లింపులు. ఈ నాలుగే మధ్యలో చూస్తాను, ఏ తేదీన చూస్తానో పని అప్పగించిన రోజే చెప్పేస్తాను. మిగతావి వాళ్లవే.

గట్టుమీద: మైకులు కలపండి.

పగ్గం_వదులు: అక్కర్లేదు. ముందురోజు సాయంత్రం పెట్టి చూసుకుంటే, ఏం తేడా ఉన్నా సర్దుకోవడానికి రాత్రంతా ఉంది.

తూకం: ముందురోజు సాయంత్రం హాలు తాళం ఎవరి దగ్గరుంటుంది?