బోటు వెనక లాగే చెక్క టీజర్ దొర్లకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (పోర్ట్‌బ్లెయిర్ నుంచి): మాది రెండు అవుట్‌బోర్డ్ ఇంజన్ల ఫైబర్ బోటు. నెమలి కోనాం, కొమ్ముకోనాం, సూర చేపల కోసం బారెన్ ద్వీపం వైపు వెళ్లే అతిథులకు కొనుగోలు టీజర్ల (చేపను బోటు దగ్గరికి రప్పించే, గాలం లేని ఎరల) ఖర్చు తగ్గిద్దామని, మంచం కోళ్లు తీసే లేత్ మీద పాతిక సెంటీమీటర్ల టేకు ముక్కలు తీయించి, ముందు భాగాన్ని ఏటవాలుగా కోయించాను. ఏడెనిమిది నాట్ల వేగంలో అవి నీటిని చిమ్మవలసింది పోయి బొంగరంలా తిరుగుతూ తంగూసును మెలిపెడుతున్నాయి. స్వివెల్ (తాడు మధ్యలో పెట్టే తిరిగే కీలు) వేసినా ప్రయోజనం కనిపించలేదు. లోపం కోతలో ఉందా, బరువులో ఉందా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (విశాఖ నుంచి): రెండింటిలోనూ ఉండవచ్చు గానీ ముందు బరువు చూడండి. స్వివెల్ మెలికను మాత్రమే విడదీస్తుంది, చెక్క దొర్లడాన్ని ఆపలేదు. గుండ్రటి చెక్కకు పైవైపేదో, కిందివైపేదో తెలియాలంటే కడుపు భాగంలో గాడి తీసి సీసం పెట్టాలి, తాడు రంధ్రం నడి మధ్యన కాక కాస్త పైకి ఉండాలి. పరీక్షకు సముద్రందాకా పోనక్కరలేదు. నీళ్ల తొట్టిలో వేసి వేలితో దొర్లించినప్పుడు ప్రతిసారీ అదే వైపు పైకి తేలితే సీసం సరిపోయినట్టు. ఏటవాలు ఎక్కువైనకొద్దీ చెక్క చురుగ్గా కదులుతుంది, కానీ వేగం పెంచగానే అదే ఏటవాలు దాన్ని తిప్పేస్తుంది కనుక పెద్ద టీజర్లకు కోత స్వల్పంగా ఉండడమే మేలు. రంధ్రంలో ఇత్తడి గొట్టం దించి, చెక్క మొత్తానికి ఎపాక్సీ (నీరు చొరనివ్వని గట్టి పూత) పూయండి. లేకపోతే చెక్క నీరు పీల్చి, మీరు తూచి పెట్టిన బరువంతా మారిపోతుంది.

జవాబు (కాకినాడ నుంచి): పై మాటలతో ఏకీభవిస్తూ తంగూసు సంగతి చేరుస్తాను. మూడు నాలుగు వందల పౌండ్ల తంగూసును గొట్టంలోంచి తీసి, తోక దగ్గర ఒక గట్టి పూస, దాని వెనక అల్యూమినియం స్లీవ్ (తంగూసు మీద నొక్కి బిగించే చిన్న గొట్టం) వేస్తే లాగుడంతా పూస మీద పడుతుంది. స్లీవ్‌ను మామూలు పటకారుతో కాక దానికి తగిన క్రింపింగ్ సాధనంతోనే నొక్కాలి, రెండు అంచులనూ నొక్కకుండా వదలాలి. అంచు నలిగితే తంగూసు సరిగ్గా అక్కడే తెగుతుంది. మిగిలిన కొసను నిప్పు సెగకు చూపించి చిన్న గుండులా చేస్తే జారదు.

రంగులూ అద్దపు ముక్కలూ మాత్రం, నా దృష్టిలో, చేపకన్నా కొనేవాడి కంటికే ఎక్కువ పనిచేస్తాయి. టీజర్ ఎక్కడ నడుస్తుందన్నదే అసలు సంగతి. ప్రొపెల్లర్ల తెల్లటి నురగలో ఎంత అందమైనదైనా కనబడదు. బోటు వెనక లేచే రెండో మూడో అల ముందు వాలున, నీరు తేటగా ఉన్నచోట, అది కాసేపు బుడగల తోకతో మునిగి మళ్లీ పైకొచ్చి ఊపిరి తీసుకున్నట్టు నడవాలి. అంతకంటే దూరం పంపితే చేప లేచినప్పుడు దాన్ని గబగబా లాగేసి, ఆ చోటనే గాలమున్న ఎరను అందించడం కుదరదు. టీజర్‌కు గాలం ఉండదు గనుక, ఆ మార్పిడి తడబడితే చేప వెనుదిరిగి పోతుంది.

జవాబు (ప్రశ్న వేసినవారు): తొట్టి పరీక్ష చేశాను, ఒక్కోసారి ఒక్కో వైపు తేలుతోంది. సీసం పోయిస్తాను. టీజర్ తాడును రాడ్ హోల్డర్‌కే (గాలపు కర్రను నిలిపే గొట్టానికే) కట్టవచ్చా?

జవాబు (విశాఖ నుంచి): వద్దు. కొమ్ముకోనాం పట్టి గుంజితే హోల్డర్ ఊడి రావచ్చు. బోటు క్లీట్‌కు (తాళ్లు కట్టే లోహపు కొక్కేనికి), మధ్యలో రబ్బరు సాగుతాడు పెట్టి కట్టండి. లాగే మనిషి చేతికి తొడుగు ఉండాలి, తాడును చేతికి చుట్టుకోకూడదు. మరొకటి, మీవి రెండు ఇంజన్లు. బోటు ఆగిన క్షణాన తాడు సడలి ప్రొపెల్లర్ల వైపు వాలుతుంది కనుక, థ్రాటిల్ తగ్గించేముందే టీజర్లను పైకి తీయించండి.