పిల్లి ‘అలిగింది’ అనవచ్చునా?

ప్రశ్న: “పిల్లి అలిగి ఇసుక తొట్టిని మానేసింది” అని (మలమూత్రాల కోసం ఇంట్లో పిల్లికి పెట్టే తొట్టి గురించి) ఒక వ్యాసంలో రాస్తే, ‘అలిగి’ అన్న క్రియ అక్కడ పొసగదని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. ఇంతకంటే మంచి మాట ఉన్నదా?

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం సబబే. అలక ఎప్పుడూ ఎవరో ఒకరి మీద ఉంటుంది. అలిగినవారు తమను బతిమాలుతారని ఎదురుచూస్తారు. తొట్టిని వదిలి పరుపు మీద మూత్రం పోసే పిల్లికి అటువంటి ఎదురుచూపు ఏమీ లేదు. ‘పగబట్టి పోసింది’ అనడం మరీ అన్యాయం, ఎందుకంటే ఆ మాట వినగానే ఇంటివారికి తోచేది శిక్షే గాని వైద్యం కాదు.

కారణం తెలియనంతవరకు “తొట్టికి పోవడం లేదు” అని ఉన్నదున్నట్టు రాయడం మేలు. తెలిశాక మాత్రం మనకు క్రియలకు కొదవ లేదు. మూత్రాశయం వాచి, తొట్టిలో కూర్చున్నప్పుడల్లా నొప్పి కలిగితే, ఆ నొప్పిని తొట్టితోనే ముడిపెట్టుకున్న పిల్లి దానికి ‘వెరుస్తుంది’. దారిలో మరో పిల్లి కాపు కాసినా అంతే. కీళ్ళు పట్టేసిన ముసలి పిల్లి ఎత్తైన అంచు ‘దాటలేకపోతుంది’. శుభ్రం చేయని తొట్టినీ, ఇసుకకు బదులు అందులో పోసే, ఘాటైన సువాసన కలిపిన రేణువులనూ ‘రోస్తుంది’. ఈ రోయడం ఎలా ఉంటుందో మా ఇంట్లో చూశాను: కొత్త రేణువులు పోసిన నాడు మా పిల్లి నాలుగు పాదాలూ తొట్టి అంచు మీదే ఆనించి, లోపల గోరైనా తగలకుండా పని ముగించుకొని, ఎప్పుడూ శ్రద్ధగా కప్పేది ఆనాడు కప్పకుండానే దూకి వెళ్ళిపోయింది.

మరొకరు: నిలబడి, తోక పైకెత్తి, గోడ మీద కొద్దిగా మూత్రం వదలడాన్ని ‘చిలకరించడం’ అనవచ్చునా?

సమాధానం: చిలకరించడానికి చేయి కావాలి, పన్నీరో నీళ్ళో కావాలి. లోపలి నుంచి వేగంగా వచ్చేదానికి ‘చిమ్మడం’ తగిన మాట. నెత్తురు చిమ్మింది, విషం చిమ్మింది అంటాం కదా. కూర్చుని నేల మీద ఎక్కువగా ‘పోయడం’ వేరు, ఇలా ‘చిమ్మడం’ వేరు. చిమ్మడం చాలావరకు తన హద్దును చాటుకోవడమే కాబట్టి, వ్యాసంలో ఈ రెండింటినీ కలపకూడదు.

‘ముక్కడం’ విషయంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. “తొట్టిలో కూర్చుని ముక్కుతోంది” అంటే పాఠకుడు మలబద్ధకమనే అనుకుంటాడు. మగపిల్లి మూత్రమార్గం సన్నగా ఉంటుంది. అది పూర్తిగా మూసుకుపోయినా పిల్లి అలాగే ముక్కుతుంది, చికిత్స అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల అక్కడ “మూత్రం రాక ముక్కుతోంది” అని పూర్తిగా రాయండి, వెంటనే పశువైద్యుడికి చూపించాలనీ చేర్చండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. నేను రాసిన పిల్లికి పద్నాలుగేళ్ళు. వాక్యాన్ని “అంచు దాటలేక తొట్టికి పోవడం లేదు” అని దిద్దుకున్నాను.