లావు పేషెంట్ లివర్ సీటీ: డోస్ పెంచితే గడ్డ కనపడుతుందా?

నైట్‌డ్యూటీ_టెక్:
నిన్న ఒక స్కాన్ మీద మా దగ్గర పెద్ద గొడవే అయింది. పేషెంట్ బరువు 138 కిలోలు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, లివర్‌కి పాకిందేమో చూడమని పంపారు. అలవాటు కొద్దీ 100 కేవీ (ఎక్స్‌రే ట్యూబ్ వోల్టేజీ) మీద తీశాను. ఆటో ఎంఏ (ట్యూబ్ కరెంట్‌ని మిషనే సర్దుకోవడం) పైకి వెళ్లి వెళ్లి చేతులెత్తేసింది. ఇమేజ్ ఇసక చల్లినట్టు వచ్చింది. మా సీనియర్ ‘మొదటే 140 పెట్టాల్సింది’ అన్నారు. రేడియాలజిస్ట్ మేడమ్ మాత్రం ‘140 పెడితే కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు) వెలవెలబోతుంది’ అన్నారు. మీరైతే ఎటు?

ఫిజిక్స్_పిచ్చోడు:
మీ సీనియర్ సగం కరెక్ట్. దాదాపు ప్రతి 4 సెంటీమీటర్ల కండకీ ఎక్స్‌రేలు సగానికి పడిపోతాయి. మామూలు మనిషి కంటే 8 సెంటీమీటర్లు మందం ఎక్కువుంటే డిటెక్టర్‌కి చేరేది నాలుగో వంతే, అంటే నాయిజ్ (ఆ ఇసక) రెట్టింపు. దాన్ని మళ్లీ మామూలు స్థాయికి తేవాలంటే నాలుగింతలు డోస్ కావాలి. 100 కేవీలో మీ ట్యూబ్ అంత ఇవ్వలేదు. 120కి వెళ్లి, పిచ్ (ట్యూబ్ ఒక చుట్టు తిరిగేలోపు టేబుల్ జరిగే దూరం) తగ్గించి, రొటేషన్ (ఒక చుట్టుకి పట్టే సమయం) 0.5 నుంచి 1 సెకనుకి పెంచండి. అప్పటికీ చాలకపోతేనే 140.

డోస్ అంకె చూసి గుండె బాదుకోకండి. స్క్రీన్ మీద కనపడే సీటీడీఐ 32 సెంటీమీటర్ల ప్లాస్టిక్ దిమ్మకి లెక్కగట్టింది. అంతకంటే లావు మనిషికి నిజంగా అందే సగటు డోస్ ఆ అంకె కంటే తక్కువ. అందుకే 2011లో ఏఏపీఎం (అమెరికా మెడికల్ ఫిజిక్స్ సంఘం) వాళ్లు మనిషి సైజును బట్టి సరిదిద్దే లెక్క ఇచ్చారు.

తక్కువ_కేవీ_పార్టీ:
పిచ్ తగ్గించు, రొటేషన్ పెంచు అని రాయడం తేలికే. 138 కిలోల మనిషి వెల్లకిలా పడుకుని ఎంతసేపు ఊపిరి బిగబట్టగలడు? నాయిజ్ పోయి, దాని బదులు కదిలిన మసక వస్తుంది. అయోడిన్ కే-ఎడ్జ్ (ఎక్స్‌రేల్ని ఒక్కసారిగా ఎక్కువ పీల్చుకునే ఎనర్జీ) 33 కేఈవీ దగ్గర ఉంది కాబట్టి కేవీ తగ్గేకొద్దీ కాంట్రాస్ట్ మెరుస్తుంది. ఆర్టీరియల్ ఫేజ్‌లో (మందు ధమనుల్లో ఉండగా) వెలిగే లివర్ క్యాన్సర్‌ని పట్టుకోవడానికి అదే కదా బలం. మిగిలిన నాయిజ్‌ని ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ (నాయిజ్ తగ్గించే సాఫ్ట్‌వేర్) చూసుకుంటుంది.

ఫిజిక్స్_పిచ్చోడు:
అది ఇసకని తుడుస్తుంది, నిజమే. ఇసకతో పాటు 8 మిల్లీమీటర్ల మసక చుక్కనీ తుడిచేస్తుంది. చూడ్డానికి మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది, అదే ప్రమాదం. రాని ఫోటాన్‌ని సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు. పైగా ఇక్కడ వెతుకుతున్నది పేగు నుంచి పాకిన గడ్డ. అది పోర్టల్ ఫేజ్‌లో (కాస్త ఆగి, మందు పోర్టల్ సిర ద్వారా లివర్‌కి చేరాక) నల్లగా కనపడే రకం, ఆర్టీరియల్‌లో వెలిగేది కాదు.

లివర్_చూసేదాన్ని:
ఇద్దరూ కేవీ దగ్గరే కొట్టుకుంటున్నారు. టెక్ గారూ, ప్లెయిన్ (కాంట్రాస్ట్ ఎక్కించకముందు స్కాన్) తీశారా?

ఎందుకు అడుగుతున్నానంటే, నాకు ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. పేషెంట్ ఇలాగే లావు. పోర్టల్ ఫేజ్ ఇమేజ్ అద్దంలా వచ్చింది, నాయిజ్ అన్న మాటే లేదు. గడ్డ లేదని రాసేశాను. తర్వాత ఎమ్మారైలో కుడి లోబ్‌లో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. వెనక్కి వెళ్లి ప్లెయిన్ తెరిచి చూస్తే అందులో తెల్లగా ఎదురుగా కూర్చుని ఉంది!

మామూలు లివర్ ప్లెయిన్‌లో 55–65 హౌన్స్‌ఫీల్డ్ (సీటీలో తెలుపు-నలుపు కొలిచే యూనిట్) ఉంటుంది. ఆ పేషెంట్‌ది కొవ్వు పట్టి 22కి దిగిపోయింది. గడ్డ 38. అంటే నల్లగా ఉండాల్సిన గడ్డ చుట్టూ లివర్ కంటే తెల్లగా ఉంది. కాంట్రాస్ట్ ఎక్కాక లివర్ 70కి వచ్చింది, గడ్డ కూడా 70కి దగ్గరగా వచ్చి ఆగింది. రెండూ ఒకే రంగు. అప్పుడు మీరు 140 పెట్టినా, 100 పెట్టినా, డోస్ పదింతలు చేసినా ఏం కనపడుతుంది? లావు వాళ్లలో ఫ్యాటీ లివర్ ఎక్కువ కాబట్టి ఇది అరుదేమీ కాదు. దానికి నాయిజ్ కూడా తోడైతే గోరుచుట్టు మీద రోకటిపోటే.

నైట్‌డ్యూటీ_టెక్:
ప్లెయిన్ తీయలేదు మేడమ్. డోస్ తగ్గుతుందని మా ప్రోటోకాల్‌లోంచి ఎప్పుడో ఎత్తేశారు.

ఫిజిక్స్_పిచ్చోడు:
ఈ మాట మీద నేను తగ్గుతున్నా. నాయిజ్ గురించి నేను చెప్పింది తప్పు కాదు గానీ, ఆ కేసులో దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

తక్కువ_కేవీ_పార్టీ:
నేను తగ్గను. అందరికీ ప్లెయిన్ తీస్తే చిన్న వయసు వాళ్లకి, సన్నగా ఉన్నవాళ్లకి డోస్ దండగ. డ్యూయల్ ఎనర్జీ మిషన్ (రెండు ఎక్స్‌రే ఎనర్జీలతో తీసేది) ఉంటే కాంట్రాస్ట్ స్కాన్ నుంచే అయోడిన్‌ని తీసేసి ప్లెయిన్ తయారు చేసుకోవచ్చు.

లివర్_చూసేదాన్ని:
అందరికీ అనలేదండీ, లావు వాళ్లకి అన్నాను. రెండు ట్యూబుల డ్యూయల్ ఎనర్జీ మిషన్లలో రెండో డిటెక్టర్ చూసే వెడల్పు 33–35 సెంటీమీటర్లే. ఇంత లావు మనిషిలో లివర్ కుడి అంచు దాని బయటికి పోతుంది. సరిగ్గా ఎవరికి అవసరమో వాళ్లకే అది అందదు.

కొత్త_రెసిడెంట్:
మరి నేరుగా ఎమ్మారైకే పంపేస్తే పోదా? కాంట్రాస్ట్ డోస్ తలనొప్పి కూడా ఉండదు. కిలోల లెక్కన అయోడిన్ ఇస్తే లావు వాళ్లకి మరీ ఎక్కువైపోతోంది, కొవ్వులో రక్తం పెద్దగా ఉండదు కదా.

లివర్_చూసేదాన్ని:
కొవ్వు తీసేసిన బరువుతో లెక్క కట్టు, అది తేలుతుంది. ఎమ్మారై మంచిదే, ఫ్యాటీ లివర్‌లో నేనూ దాన్నే నమ్ముతా. కానీ పట్టాలి కదా! పాత మిషన్ గొట్టం 60 సెంటీమీటర్లు, వెడల్పుది 70. పొట్ట మీద కాయిల్ (సిగ్నల్ అందుకునే పలక) కూడా పెట్టాలి. ఊపిరి బిగబట్టే బాధ అక్కడా తప్పదు.

టెక్ గారూ, ముందు ఆ పాత ఇమేజ్‌లోనే లివర్ మీద, ప్లీహం మీద సర్కిల్ పెట్టి కొలవండి.

నైట్‌డ్యూటీ_టెక్:
కొలిచాను. లివర్ 74, ప్లీహం 121. ఇంత తేడా అంటే కొవ్వు బాగానే పట్టినట్టుంది అన్నారు మా మేడమ్, నెగెటివ్ అని రాయకుండా రిపోర్టు ఆపారు. సాయంత్రం పేషెంట్‌ని పిలిపించి మోచేతుల మధ్య టేపు పెట్టి చూశాం. 66 వచ్చింది. రేపు పొద్దున 70 సెంటీమీటర్ల ఎమ్మారైలో ప్రయత్నిస్తున్నాం. పట్టకపోతే 120 మీద లివర్ వరకే ప్లెయిన్.