ఊరి మంచినీటి నిర్వహణను బల్దియాకు అప్పగించాలా?

మాజీ వార్డు సభ్యుడు, ధర్మసాగర్ మండలం:

నగరం అంచున ఉన్న పంచాయతీలను వరంగల్ బల్దియాలో, అంటే నగరపాలక సంస్థలో, కలపాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ అంతా ఇంటి పన్ను చుట్టూ, ఉపాధి హామీ పనుల చుట్టూ తిరుగుతుంది. పంచాయతీ రద్దయిన మరునాడు ఊరి నల్లాలకు నీళ్లు ఎవరు వదులుతారన్నది నా దృష్టిలో అంతకంటే ముందు తేలవలసిన విషయం.

ఇప్పుడున్న ఏర్పాటు ప్రకారం, ఇంటింటికీ తాగునీరు ఇచ్చే రాష్ట్ర పథకమైన మిషన్ భగీరథ వాళ్లు శుద్ధి చేసిన నీటిని ఊరి ట్యాంకు దాకా తెస్తారు. ట్యాంకు నుంచి ఇంటి నల్లా దాకా ఉన్న పైపులైను, వాల్వులు, లీకేజీలు, నీళ్లు వదిలే మనిషి జీతం పంచాయతీ బాధ్యత. మా ఊరిలో కింది వాడకట్టు వాల్వును సగానికి మూస్తే తప్ప గడ్డ మీదున్న ఎస్సీ కాలనీకి ధార ఎక్కదు. ఆ వాల్వును ఎన్ని చుట్లు తిప్పాలో, ఎంతసేపు అలా ఉంచాలో నీళ్లు వదిలే మనిషికి చేతి అలవాటుగా తెలుసు కానీ, ఏ నక్షలోనూ రాసి లేదు. భగీరథ మెయిన్ లైన్ పగిలిన రోజున అతనే పాత బోరు మోటారు వేసి ట్యాంకు నింపుతాడు. మోటారు కాలిపోతే సర్పంచ్ ఇంటి ముందు నిలబడి అడిగే వీలు మాకు ఉంది.

డబ్బు సంగతి కూడా చూడాలి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామాలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. పంచాయతీ లేకపోతే ఊరి పేరిట అలా విడిగా వచ్చే నిధి ఉండదు, నగరం మొత్తానికి వచ్చే దానిలో మన వాటా కోసం పోటీ పడాలి. నగరంలో కలవడాన్ని నేను కాదనడం లేదు. ట్యాంకు తర్వాతి పని మాత్రం ఊరి చేతిలోనే ఉండాలంటున్నాను.

విశ్రాంత ఇంజనీరు, హన్మకొండ:

మీరు చెప్పిన ఏర్పాటు సర్పంచ్ చురుకుగా ఉన్నంతకాలం నడుస్తుంది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ఊళ్లన్నీ ప్రత్యేక అధికారుల కిందికి వెళ్లినప్పుడు మోటారు కాలితే ఎవరి ఇంటి ముందు నిలబడ్డారు? ఒక మనిషి చేతి అలవాటు మీద ఆధారపడిన సరఫరా ఆ మనిషి జబ్బుపడిన నాడే ఆగిపోతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నీటి నాణ్యత. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్ ట్యాంకు కడగకపోయినా, పైపు పగిలి మురుగు కలిసినా తరిగిపోతుంది. క్లోరిన్ ఎంత ఉందో చూపే క్లోరోస్కోప్ పట్టుకొని చివరి ఇంటి దగ్గర రోజూ పరీక్షించి రాసిపెట్టే పంచాయతీలు ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి. పైగా మీరు మెచ్చుకున్న పాత బోరు నీరు అదే ట్యాంకులోకి పోతోంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో కొన్ని ప్రాంతాల బోర్లలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి కొత్తది కాదు, దాన్ని తప్పించడానికే కదా భగీరథ వచ్చింది.

దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీరు చేరి, నగరానికి తాగునీరు ఇచ్చే రిజర్వాయర్ మీ ధర్మసాగర్‌లోనే ఉంది. అయినా భగీరథ లెక్కలో మీ ఊరి మనిషికి రోజుకు 100 లీటర్లు, కార్పొరేషన్ మనిషికి 150 లీటర్లు. చెరువు పక్కన ఉండి తక్కువ వాటాతో సరిపెట్టుకోవడం ఎందుకు?

విలీన గ్రామ నివాసి, మడికొండ వైపు:

ఇంజనీరు గారూ, 150 లీటర్లన్నది హోదాతో పాటు దానంతటదే ఇంటికి రాదు. 100 లీటర్ల లెక్కతో వేసిన పైపులో అంతకు సగం ఎక్కువ నీరు పంపాలంటే పైపు మార్చాలి, ట్యాంకు సామర్థ్యం పెంచాలి. ఆ పనులు చేయకుండా కనెక్షన్లు పెంచుకుంటూ పోతే ముందు ఇళ్ల వాళ్లు నల్లాలకు మోటార్లు బిగించి గుంజుకుంటారు, చివరి ఇళ్లలోని ఆడవాళ్లు బిందెలు పెట్టుకొని కూర్చుంటారు. ఈ కష్టానికి ఊరూ నగరమూ అన్న తేడా లేదు.

2013లో కలిసిన 42 గ్రామాలు నేడు 66 డివిజన్ల నగరంలో భాగం. చిన్న ఊళ్లు రెండు మూడు కలిసి ఒక్క కార్పొరేటర్‌ను ఎన్నుకుంటాయి కనుక, మన గల్లీ లీకేజీని పట్టించుకునే వార్డు సభ్యుడు ఇక ఉండడు. 2019 మున్సిపల్ చట్టంలో వార్డు కమిటీలు ఉన్నాయి కాబట్టి, కలిసే ఊళ్లు వాటిని మొదటి రోజునుంచే పట్టుబట్టి పనిచేయించుకోవాలి.

మాజీ వార్డు సభ్యుడు, ధర్మసాగర్ మండలం:

నాణ్యత గురించి ఇంజనీరు గారు అన్నది నాకు సమ్మతమే. క్లోరిన్ పరీక్ష, శుద్ధి, పెద్ద మరమ్మతులు నగరం చేతికి వెళ్లడం మంచిదే. మడికొండ వైపు నుంచి మాట్లాడిన అమ్మ చెప్పిన పైపుల మాటే అప్పగింతకు అసలు షరతు కావాలి. పైపులు మార్చి, చివరి ఇంటి దగ్గర కొలిచి చూపే దాకా నల్లా బిల్లు పెంచరాదు. ఇప్పుడు నీళ్లు వదులుతున్న మనిషిని అదే ఊరికి, అదే పనికి తీసుకోవాలి. వాల్వుల లెక్కను అతని నుంచి విని నక్షలో ఎక్కించాలి. విలీనంతో పంచాయతీ ఆస్తులన్నీ నగరానికి దక్కుతాయి కనుక, బోర్లు, మోటార్లు, ట్యాంకుల జాబితా గ్రామసభలో చదివి తీర్మానంలో రాయించాలి. బోరు మాత్రం మూయకూడదు. మెయిన్ పగిలి రెండు రోజులు నీళ్లు రాకపోతే ట్యాంకర్ కోసం నగరమంతా ఎదురుచూసే వరుసలో మేము చివర నిలబడాలా?

విశ్రాంత ఇంజనీరు, హన్మకొండ:

బోరు ఉంచుకోండి, ట్యాంకుకు కలిపిన పైపును మాత్రం తెంచి విడి కుళాయి పెట్టండి, ఆ నీరు తాగడానికి కాదు, వాడుకకే అని రాయండి. ముందుగానే ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటలేదని, మిగతా ప్రమాణాలకూ నీరు సరిపోయిందని తేలితే, అత్యవసరంలో క్లోరిన్ కలిపి తాగడానికి ఇవ్వవచ్చు. ఈ ఒక్క సవరణతో మీ తీర్మానానికి నా మద్దతు ఉంటుంది. పరీక్ష లేకుండా బోరు నీటిని ట్యాంకులోకి ఎక్కించడాన్ని మాత్రం పంచాయతీ చేసినా, బల్దియా చేసినా ఒప్పుకోలేను.