సులేమానియే మసీదు: ఒక్క పూటలో చూడొచ్చా?

రవళి_ప్రయాణాలు: వచ్చే నెల అమ్మతో ఇస్తాంబుల్‌లో ఒక్క పూట ఉంటాం. సులేమానియేకి వెళ్లాలా, నీలి మసీదుకా? చరిత్ర కాస్త చెప్పండి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆ కొండ ఎక్కగలదా?

గోదారి_గట్టు: 2019లో నేను వెళ్తే నీలి మసీదు లోపల పరంజాలే. అంత దూరం వెళ్లి గుమ్మటం సరిగ్గా చూడలేకపోయానని ఏడుపొచ్చింది. మర్నాడు సులేమానియేలో గంటన్నర కూర్చున్నాక గానీ మనసు కుదుటపడలేదు.

రాతిపిచ్చి: సులేమానియేకే వెళ్లండి. ఒట్టోమన్ సుల్తాన్ల ఆస్థాన వాస్తుశిల్పి సినాన్ 1550లో మొదలుపెట్టి 1557కి పూర్తి చేశాడు. అదే ఊళ్లో చర్చిగా కట్టిన పాత కట్టడం హగియా సోఫియాని మించిన గుమ్మటం. ఇంతవరకు చెక్కుచెదరలేదు.

సివిల్_సుబ్బు: చివరి రెండు మాటలూ తప్పే. 30 ఏళ్లుగా పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ణి, ఇలాంటివి వింటే ఊరుకోలేను. ఈ గుమ్మటం అడ్డకొలత దాదాపు 26.5 మీటర్లు, హగియా సోఫియాది 31 పైనే. సినాన్ మించానని చెప్పుకున్నది ఎదిర్నే ఊళ్లో తను కట్టిన సెలిమియే మసీదు గురించి. 1766 భూకంపంలో సులేమానియే గుమ్మటం కొంత కూలింది కూడా.

రాతిపిచ్చి: అంకెలు పట్టుకుని వేలాడకండి. హగియా సోఫియా బయట ఎంతెంత ఊతగోడలున్నాయో చూశారా? సినాన్ వాటిని గోడల్లో కలిపేసి, ముందు వసారాలు కట్టి కంటికి ఆనకుండా చేశాడు. అది మించడం కాదా?

సివిల్_సుబ్బు: అది నేర్పు. మీరు రాసింది కొలత గురించి. నాలుగు దిమ్మలు, ముందూ వెనకా అరగుమ్మటాలు, ఆ పద్ధతే హగియా సోఫియాది. అక్కడ నేర్చుకున్నాడంటే సినాన్‌కి చిన్నతనమేం కాదు.

కలం_కమల: మసి గది మాట ఎవరూ ఎత్తరేం? నూనెదీపాల పొగ గుమ్మం మీదున్న గదిలోకి చేరేలా గాలికి దారి పెట్టారు. ఆ మసితోనే రాతకి సిరా చేసేవారు. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి కాటుక పట్టేది. ఆ గుమ్మం కింద నిలబడితే ఆవిడే గుర్తొచ్చింది.

రవళి_ప్రయాణాలు: అమ్మ మోకాళ్ల సంగతి చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గోదారి_గట్టు: టాక్సీలో వెళ్లండమ్మా. నేను గ్రాండ్ బజార్ నుంచి నడిచి ఆయాసపడ్డాను. మసీదు ఎదురు వీధిలో చిక్కుడు గింజల కూర, అన్నం పెట్టే హోటళ్లు వరసగా ఉంటాయి, అమ్మని అక్కడ కూర్చోబెట్టొచ్చు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం పెట్టుకోకండి.

రాతిపిచ్చి: సినాన్ సమాధి వదలకండి, ప్రహరీ బయట వీధి మూల మీద చిన్నగా ఉంటుంది. సుబ్బు గారూ, అంకె ఒప్పుకుంటున్నా. ఊతగోడల మాట మాత్రం వెనక్కి తీసుకోను.