ఫైలేరియా పురుగు మీద యాంటీబయోటిక్ ఎలా పనిచేస్తుంది?

జువాలజీ_విద్యార్థి:
బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు బ్యాక్టీరియా కాదు కదా, మరి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ వాడితే దానికి పిల్లలు పుట్టకుండా పోతాయని చదివాను. ఎలా? పాఠాల్లో పరాన్నజీవి, దానికి చోటిచ్చే అతిథేయి ఇద్దరే కనిపిస్తారు, మూడోవాళ్ల ఊసే ఉండదు. ఫైలేరియా ఒక్కటేనా ఇలా, ఇంకా ఉన్నాయా?

ల్యాబ్_నుంచి:
ఆ మందు నేరుగా దెబ్బకొట్టేది పురుగును కాదు, దాని కణాల్లో కాపురమున్న వోల్బాకియా అనే బ్యాక్టీరియాను. తల్లి పురుగు నుంచి గుడ్ల ద్వారానే పిల్లలకు వస్తుంది, అది పోతే ఆడ పురుగు గొడ్డుబోతుంది, ఎదిగిన పురుగులు కూడా చాలావరకు నెమ్మదిగా చచ్చిపోతాయి. అందుకే 4 నుంచి 6 వారాల కోర్సు, ఫలితం తేలడానికి నెలలు పడుతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు మామూలుగా ఇవ్వరు కాబట్టి అందరికీ పంచే మందుగా ఇది కుదరదు. అదే కుటుంబంలోని లోవా లోవా పురుగులో వోల్బాకియా లేదు, దాని మీద ఈ వైద్యం పనిచేయదు. మందు దెబ్బ వోల్బాకియా మీదే అనడానికి నాకైతే ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

ఇంకోటి, మరో రకం ఫైలేరియా పురుగు తెచ్చే నది అంధత్వం అనే జబ్బులో పిల్ల పురుగులు కంటిలో చచ్చినప్పుడు వోల్బాకియా బయటపడుతుంది, మన రోగనిరోధక వ్యవస్థ దాని మీద విరుచుకుపడటం వల్లే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) చాలావరకు దెబ్బతింటుంది. అంటే చూపు పోవడంలో ఆ బ్యాక్టీరియాకూ పెద్ద వాటా ఉంది.

కీటకాల_వైపు:
ఇంకా చాలా ఉన్నాయి. అనాఫిలిస్ దోమకు యాంటీబయోటిక్ ఇచ్చి పేగులోని బ్యాక్టీరియాను తుడిచేస్తే మలేరియా పరాన్నజీవి దానిలో ఇంకా బాగా పెరుగుతుంది. నాకు బాగా నచ్చేది మొక్కల రసం పీల్చే చిన్న పురుగు పేనుబంక కథ. ఒక చిన్న కందిరీగ దాని ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలినుంచి తినేస్తుంది, కానీ పేనుబంకలో హామిల్టోనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటే చాలాసార్లు ఆ పిల్ల బతకదు. దాన్ని చంపే విషానికి జన్యువులు బ్యాక్టీరియావి కూడా కావు, బ్యాక్టీరియాలో ఉన్న వైరస్‌వి!

జువాలజీ_విద్యార్థి:
అద్భుతం. అయితే సూక్ష్మజీవి ఎప్పుడూ తనున్న జీవినే కాపాడుతుందనుకోవచ్చా?

ల్యాబ్_నుంచి:
అలా అనుకోవద్దు. ఎలుకల్లో ఉండే కొరడా పురుగు గుడ్లు పేగులోని బ్యాక్టీరియా తగిలితేనే సరిగ్గా పొదుగుతాయని 2010లో తేలింది, యాంటీబయోటిక్ ఇచ్చిన ఎలుకల్లో పురుగులు తక్కువ. అక్కడ ఎలుక సొంత బ్యాక్టీరియానే పురుగుకు తలుపు తీస్తోంది.